కారంపూడి యింట సముద్రము

పల్నాటి సీమకు పోవువారి కన్నులకు మొదట గోచరించునది రాయి. నరసరావుపేట విడిచి వాయవ్యదిశగా పోవుకొలదిని మిరపతోటలును ప్రత్తిచేలును ఇరువంకల సాగుచుండగా, నడుమనడుమ బూడిదవన్నె రాతిపలకలు నేలనుండి తొంగిచూచుచుండును. ఈ నాపరాళ్లే యిచ్చటి యిండ్లకు నేల. ఇవియే యరుగులకు మెట్లు. ఇవియే పెరళ్లకు ప్రహరి. ఈ సీమ సున్నపురాతిని బట్టీలలో కాల్చి సున్నము చేయుదురు. పిడుగురాళ్లకు సున్నపు పట్టణమని పేరు వచ్చినది అందుచేతనే.

మొన్నటి కార్తికమాసమున మేము కారంపూడి వీరుల తిరునాళ్లు చూడబోయితిమి. 2022వ సంవత్సరమున పల్నాడు ప్రత్యేకముగా నొక జిల్లా యైన తరువాత మే మీ వంకకు పోవుట యిదియే ప్రథమము. కార్తిక అమావాస్యనాడు మొదలై అయిదు దినములు ఈ యుత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. వీరుల యాయుధములను కొణతములందురు. వానిని భక్తితో మోసికొనివచ్చి వీరుల గుడికడ పూజించుచుండగా చూచితిమి. పండ్రెండవ శతాబ్దమున గురజాల నేలిన నలగామరాజునకును, మాచెర్లలో నున్న మలిదేవాదులకును జరిగిన ఘోరయుద్ధము ఈ కారంపూడి కడ, నాగులేటి యొడ్డుననే జరిగినది. ఒకవంక మంత్రిణి నాయకురాలు నాగమ్మ, వేరొకవంక బ్రహ్మనాయుడు. కులభేదము పాటింపక యందరిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి బ్రహ్మనాయుడు పెట్టించిన చాపకూడు ఈ యుత్సవమున నేటికిని వడ్డించుచున్నారు.

ఎనిమిదివందల యేండ్లకు పూర్వమే యొక స్త్రీ రాజ్యతంత్రము నడపిన సీమ యిది యని తలచినపుడు మాకు గర్వము కలిగెను. కాని కోడిపోరు దినమున మాత్రము మనస్సు కొంచెము కలత చెందినది. కోడిపుంజుల పందెమున నోడినందుకే గదా మలిదేవాదులు ఏడేండ్లు దేశము విడిచి పోవలసివచ్చినది! నోరులేని ప్రాణిని మనుష్యుడు తన గొప్పకు సాధనముగా చేసికొన్నచో అది యెంతవరకు పోవునో ఆ కథ చెప్పుచున్నది. ఈ మాట యిచ్చట నేల యెత్తితిమో పాఠక సోదరీమణులకు ముందు తెలియగలదు.

మేము దిగిన యిల్లు మా పెదతల్లి కుమారునిది. ముందరి గదిలో అడుగిడగనే, నాపరాతి నేలపై ఇనుపబల్లమీద నాలుగడుగుల పొడవున నొక గాజుతొట్టి కనబడెను. తొట్టిలోని నీటికి నీలపు కాంతి. నారింజవన్నె మేనిపై తెల్లని పట్టెలుగల రెండు చిన్నచేపలు, ఇసుకను నోటితో జల్లెడపట్టుచున్న వేరొక చేప, రాతి నెరియలలో రొయ్యలు, నత్తలు. వీనియన్నిటి నడుమ మూడంగుళముల చేపపిల్ల యొకటి రాణివలె తిరుగుచుండెను. దాని మేను కాటుకనీలము. దానిపై తెల్లనివియు లేతనీలపువియునగు వలయములు, ఒకదానిలో నొకటి, ముగ్గు వేసినట్లుండెను. ఇది సముద్రపు ఏంజెల్ చేప. సముద్రతీరమునకు నూరు కిలోమీటర్ల దూరమున, మెట్టసీమలో, ఈ సముద్ర మెట్లు వచ్చె నని మే మాశ్చర్యపడితిమి.

మన యిండ్లలో సాధారణముగా కనబడు రంగుచేపల తొట్లు మంచినీటివి. వానిలో పెంచు ఏంజెల్ చేప దక్షిణ అమెరికా నదులలో పుట్టినది. పేరొకటే గాని సముద్రపు ఏంజెల్ చేపతో దానికి దగ్గర చుట్టరికము లేదు. సముద్రపు వానిలో ఇంచుమించు 90 జాతులు కలవు. ఇవి ఉష్ణదేశపు సముద్రములలో పగడపు దిబ్బలయందును రాతిగుట్టల నడుమను వసించును. చెక్కిలి క్రిందిభాగమున వెనుకకు తిరిగిన యొక ముల్లు వీనికి గుర్తు. నీలపు ఉంగరము ధరించినట్లుండు జాతి యొకటి మన బంగాళాఖాతమునందును కలదు. మా వదినెగారి తొట్టిలోనిది ఎంపరర్ ఏంజెల్, అనగా చక్రవర్తి. చిన్ననాటి వలయములు పెద్దదైన పిమ్మట నుండవు. మేనియందంతట పసుపు నీలముల పొడవుచారలు తేరును. కన్నులకు నల్లని గంత కట్టినట్లగును. తల్లిని బిడ్డను ప్రక్కప్రక్కన చూపినచో ఒకే జాతి యని యెవ్వరును నమ్మజాలరు.

“సముద్రము మా యూరికి క్రొత్తది కాదమ్మా,” అని మా వదినె నవ్వుచు కాలితో నేలరాతిని తట్టి చూపెను. ఆ మాట సత్యము. కోట్లకొలది యేండ్లకు పూర్వము ఈ సీమ సముద్రగర్భమున నుండెను. ఆ నీటియడుగున సున్నము పొరపొరగా పేరుకొని గట్టిపడి యీ నాపరాయి యైనది. చేప యను జీవి పుట్టకమునుపటి సముద్ర మది. “అట్లయిన నీ రాళ్లనే తొట్టిలో పెట్టరాదా?” యని మే మడిగితిమి. “ఇవి మరీ గట్టివి. తొట్టిలోని రాయి మనము తిను రొట్టెవలె రంధ్రములతో నుండవలెను. ఆ రంధ్రములలో నుండువారే యీ యింటికి అసలైన పనివారు,” అని ఆమె చెప్పెను.

ఆ పనివారు కంటికి కనబడని సూక్ష్మజీవులు. చేపల మలమూత్రములనుండియు, మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. అది చేపకు విషము. ఒకజాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, వేరొకజాతి నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగను మార్చును. ఈ జీవులు తొట్టిలో కుదురుకొనుటకు నాలుగునుండి ఆరు వారములు పట్టును. పాలు తోడుపెట్టిన స్త్రీ అవి తోడుకొనువరకు గిన్నె కదపదు గదా! అట్లే మా వదినె నీరు నింపి నెలన్నర వరకు ఒక్క చేపనైనను విడువక కాచుకొనెనట. ఇరుగుపొరుగువారు “వట్టి నీళ్ల తొట్టికి దీపమెందుకమ్మా” యని పరిహసించిరట.

ఇక నీటి మాట. సున్నపురాతి పొరలగుండ వచ్చు ఇచ్చటి బావినీటిలో కందిపప్పు ఉడుకుటయే కష్టము. కావున ఆమె ఆర్. ఓ. యంత్రమున వడగట్టిన నీటిని పట్టి, అందు తొట్లకొరకే తయారుచేసిన సముద్రపు ఉప్పును లీటరునకు 35 గ్రాముల చొప్పున కలుపును. ఆ తొట్టి పట్టునది 300 లీటర్లకు కొంచెము తక్కువ. అనగా పదికిలోల యుప్పు. వంటింటి యుప్పు దీనికి పనికిరాదు. సముద్రజలమున సోడియము క్లోరైడే గాక మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము మొదలగునవి తగుపాళ్లలో నుండవలెను. దినదినము కొంతనీరు ఆవిరియగును గాని ఉప్పు ఆవిరికాదు. పులుసు మరగిన కొలది ఉప్పన యగుట మన మెరిగినదే. అందుచేత తరిగిన నీటికి బదులు మంచినీరే పోయవలెను గాని ఉప్పునీరు పోయరాదు. వారమున కొకసారి పదియవవంతు పాతనీటిని తీసి, క్రొత్తగా కలిపిన ఉప్పునీటిని పోయవలెను.

అన్నిటికన్న కష్టమైనది ఎండ. కారంపూడికి చేరువనున్న రెంటచింతల ఎండలకు ప్రసిద్ధికెక్కినది. వేసవిలో 45 డిగ్రీలు దాటిన దినములు ఆ ప్రాంతమున కలవు. పగడపుదిబ్బల చేపకు 24 మొదలు 27 డిగ్రీల నీరు హితము. కావున నీటిని చల్లబరచు యంత్రము వేసవియంతయు నడువవలెను. ఆ విద్యుత్తు ఖర్చు చూచి మా అన్నగారు తొట్టిని “మన రెండవ కాపురము” అని పిలుచుచుందురు.

మేమున్న రెండవ రాత్రి దీపములు పోయినవి. నీటిని త్రిప్పు పంపు నిలిచెను. నీరు కదలనిచో అందలి ప్రాణవాయువు తరిగిపోవును. గంటల వ్యవధిలో చేపలకు ఊపిరి యాడదు. బ్యాటరీతో నడుచు చిన్న గాలిపంపు ఆ యింట నున్నను, ఆ రాత్రి దాని గొట్టము చీలియుండెను. మా వదినె తడబడక ప్లాస్టికు మగ్గు తీసికొని తొట్టిలోని నీటిని ముంచుటయు, జానెడెత్తునుండి తిరిగి పోయుటయు ప్రారంభించెను. మేమును వంతులవారీగా చేసితిమి. రాగిచెంబు తీసికొన బోగా ఆమె వారించెను. రాగి యావంత నీటిలో కరగినను రొయ్యలకును నత్తలకును ప్రాణాంతకమట. గంటన్నరకు దీపములు వచ్చినవి.

ఈ పని మన స్త్రీలకు క్రొత్తది కాదని చెప్పుట కొక పూర్వకథ కలదు. 1846వ సంవత్సరమున ఆనా థిన్ అను నింగ్లీషు స్త్రీ టార్కీ తీరమునుండి పగడపుజాతి జీవులను లండనుకు కొనివచ్చి తన యింట పెంచెను. ఆ నగరమున సముద్రజలము దొరకుట కష్టము గనుక, ఉన్న నీటినే ప్రతిదినము తెరచిన కిటికీకడ ఒక పాత్రనుండి వేరొక పాత్రకు పోయించి ప్రాణవాయువు పట్టించెడిది. పోసినది ఆమె యింటి పనికత్తె. రోజునకు అరగంట, ముప్పావుగంట. ఆ పనికత్తె పేరు చరిత్రలో ప్రసిద్ధికెక్కలేదు. అంతకు పూర్వమే, 1832లో, జాన్ విలప్రూ పవర్ అను ఫ్రెంచి వనిత సిసిలీ ద్వీపమున గాజుతొట్లు చేయించి అందు సముద్రజీవుల నుంచి పరిశోధించెను. ఆమె మొదట కుట్టుపని చేసి జీవించినది. ఆర్గొనాట్ అను జీవి తన గుల్లను తానే కట్టుకొనునని ఆ తొట్టివలననే ఆమె ఋజువుచేసెను. నేడు లోకమంతట నున్న అక్వేరియములకు మూలము ఒక కుట్టుపని స్త్రీ యోచన యన్నమాట!

మన దేశమున సముద్రపు చేపలను గాజువెనుక చూచు భాగ్యము 1909లో చెన్నపట్టణపు సముద్రతీరమున తెరచిన అక్వేరియముచే కలిగెను. నాడు పల్నాడును ఆ చెన్నరాజధానిలోనిదే. 1942లో యుద్ధభయముచే దానిని మూసివేసిరి. అంతకు చాలముందు, 1803లో, పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున సేకరించిన 200 చేపల చిత్రములతో గ్రంథము ప్రకటించి, వానికి మన జాలరులు వాడు తెలుగుపేర్లను గూడ చేర్చెను. రక్తపింజరి పాము కింగ్లీషున నున్న పేరు ఈయనదే.

మరల మా వదినెగారి తొట్టికడకు వత్తము. తిరునాళ్ల దినములలో ఆ యింటికి వచ్చిన బంధువులందరు ఆ నీలపు చేపపిల్లనే చూచి మెచ్చుకొనుచుండిరి. మా అన్నగారి ముఖము వికసించుచుండెను. దానిని పట్టణమునుండి కొనితెచ్చినది ఆయనయే. మా వదినె మాత్రము మాటాడకుండెను. కారణ మడుగగా, “మీ అన్నయ్యకు దుకాణమువాడు ఇది యీ తొట్టికి చాలునని చెప్పినాడట. ఇప్పుడు మూడంగుళములు. పెరిగిన పిమ్మట పదునారంగుళములగును. దీనికి 800 లీటర్లకు తక్కువకాని నీరు కావలెను. మన తొట్టి వెడల్పు పదునెనిమిదంగుళములు. ఇది వెనుకకు తిరుగు టెట్లు?” అనెను.

మే మీమాట మా అన్నగారితో చెప్పితిమి. “పెరిగినప్పటి మాట గదా! ఊరంతయు దీనిని చూడ వచ్చుచున్నది. ఇప్పుడే పంపివేయు టెందుకు?” అని ఆయన యనెను. మా వదినె వాదింపలేదు. ఆ రాత్రి పాత వార్తాపత్రిక నొకదానిని తీసికొని, పదునారంగుళముల చేపబొమ్మ కత్తిరించి, దానిని తొట్టి యద్దమునకు అంటించెను. తెల్లవారి కాఫీ త్రాగుచు అన్నగారు దానిని చూచిరి. ఆ కాగితపుచేప తొట్టి పొడవులో మూడవవంతు ఆక్రమించెను. దాని వెనుక అసలు చేపపిల్ల ఇటునటు తిరుగుచుండెను. ఆయన చాలసేపు చూచి, ఏమియు ననక, లేచిపోయి విజయవాడలో తనకు తెలిసిన యొకరికి ఫోను చేసిరి. వారి యింట 1200 లీటర్ల తొట్టి కలదు.

“నాగులేటిలోనో సముద్రములోనో విడిచిన పోదా?” యని మాలో నొకరనిరి. అది కూడని పని. నదిలో విడిచిన చేప ఉప్పులేక మరణించును. సముద్రములో విడిచినను, ఇతరదేశపు జలమునుండి వచ్చి తొట్టిలో పెరిగిన చేప అచ్చటి చేపలకు క్రొత్తరోగములు అంటించవచ్చును. ఒకసారి యింటికి తెచ్చిన జీవమునకు తుదివరకు మనమే పూచీ.

మా తిరుగు ప్రయాణమున ఆ చేప మాతో వచ్చినది. ముందునాటినుండి దానికి మేత పెట్టలేదు. సంచిలోని నీరు మలినము కాకుండుటకు. దళసరి ప్లాస్టికు సంచిలో మూడవవంతు నీరు, మిగిలినది ప్రాణవాయువు నింపి, మూతి బిగించి, థర్మోకోలు పెట్టెలో చీకటిగా నుంచిరి. పెట్టె మా యొడిలో నుండెను. నరసరావుపేట, గుంటూరు దాటి విజయవాడ చేరువరకు మేము దానిని తెరువలేదు. ఆ యింటివారు సంచిని నీటిపై తేలవేసి వేడిమి సమానమగువరకు ఆగి, వారి తొట్టినీటిని కొంచెము కొంచెముగా గంటసేపు కలిపి, తరువాత దానిని వేరొక చిన్నతొట్టిలో విడిచిరి. నాలుగువారములు ప్రత్యేకముగా నుంచి, రోగము లేదని నిశ్చయించుకొన్న పిదపనే పెద్దతొట్టిలోనికి చేర్చుదురట. వదినెకు ఫోను చేయగా, “తినుచున్నదా?” యని యడిగెను. మూడవనాటివరకు ఆమెకు ‘అవును’ అని చెప్పలేకపోతిమి. ఏంజెల్ చేపలు సముద్రమున స్పంజీలను, నాచును, మెత్తని జీవులను కొరికి తినును. క్రొత్తచోట మేతముట్టక క్షీణించుట వీనికి సాధారణము. మూడవనాడు సముద్రపు నాచు ముక్కను రాతికి కట్టి యుంచగా కొరికినదట.

ఇట్టి తొట్టి పెట్టదలచిన సోదరీమణులకు ఆమె యనుభవమునుండి మేము గ్రహించిన సంగతులు కొన్ని చెప్పుదుము. పగడములను కొనకుడు. దిబ్బలు కట్టు పగడములను 2001వ సంవత్సరమున మన ప్రభుత్వము వన్యప్రాణి సంరక్షణ చట్టములోని ప్రథమ పట్టికలో చేర్చినది. వానిని కొనుటయు, అమ్ముటయు, ఇంట నుంచుకొనుటయు నేరము. కృత్రిమముగా చేసిన రంధ్రముల రాళ్లు చాలును. పైగా ఏంజెల్ చేపలు పగడములను కొరుకునవి. ఆ జాతి చేపయే కావలెనన్నచో, మూడు నాలుగంగుళములకు మించని చిన్నజాతులు కలవు. వానికైనను ఏర్పడి కుదురుకొన్న తొట్టి కావలెను.

చేప యెచ్చటనుండి వచ్చినదో యడుగుడు. ఏంజెల్ చేపలలో ఎక్కువభాగము సముద్రమున పట్టి తెచ్చినవే. 1960 ప్రాంతమున ఫిలిప్పీను దీవులలో నీటిలో సయనైడు చల్లి చేపలను మూర్ఛిల్లజేసి పట్టు దురాచారము మొదలై ఇతరచోట్లకును ప్రాకినది. దానిచే పట్టిన చేపలు కొన్నాళ్లకే చచ్చుటయేగాక పగడములును నశించును. నారింజపట్టెల చేపలను, అనగా క్లౌనుచేపలను, పొదిగించి పెంచు విధానమును 1947లో స్థాపితమైన మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు సాధించియున్నారు. ఆరంభించువారికి అట్లు పెంచిన చేపలే మేలు. దోమలమందును, సాంబ్రాణిపొగను తొట్టికి దూరముగా నుంచుడు. నూనెచేతితో నీరు ముట్టకుడు.

ఇంకొక్క మాట. ఇంటిలోనికి తొట్టి తెచ్చుట పురుషుల ముచ్చటయో పిల్లల పంతమో యైనను, ఉదయమున వేడిమి చూచుట, తరిగిన నీరు పోయుట, దీపములు పోయిన రాత్రి మేలుకొనుట తరచుగా గృహిణి వంతునకే వచ్చును. కావున తొట్టి వచ్చునాడే ఆ పనులను ఇంటిల్లిపాదియు పంచుకొని, ఎవరి వంతు ఎవరిదో నిర్ణయించుకొనుట మంచిది. మా వదినెగారింట ఇప్పుడు శనివారపు నీటిమార్పు అన్నగారిది. ఉప్పు తూచుట పిల్లవానిది.

చేపపిల్లను కొనకముందు దాని పూర్తి యెదుగుదల యెంతో యడిగి తెలిసికొనుడు. ఆ కొలతకు పాతకాగితము నొకదానిని కత్తిరించి తొట్టి యద్దమునకు అంటించి, ఇంటివారందరు చూచునట్లు ఒకదినము ఉంచుడు. ఈ పరీక్షకు దమ్మిడీ ఖర్చు లేదు.